పైకోట కింద మా అత్త

మా మేనత్త పోయిందని నాయన ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతి బస్టాండు దగ్గర మా ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని, మదురై నుంచి వచ్చిన ఒక కుటుంబానికి చంద్రగిరి కోట గురించే చెబుతున్నాను. "మీ అత్త పోయింది పాపా. పొద్దున కాఫీ తాగింది, గోడకు ఆనుకోని కూసున్నది కూసున్నట్టే పోయింది," అన్నాడు. తర్వాత, "ఆమెను ఎట్ల సాగనంపల్లో అని ఆడోళ్ళు అప్పుడే మొదులుపెట్టినారు. బిన్నా రా, ఆలస్యం సేయొద్దు," అన్నాడు.

ఎట్లా సాగనంపాలంటే, పసుపు కుంకుమలతో ముత్తైదువగానా, మొగుడు పోయిన మనిషిగానా అని. నేను పుట్టకముందు నుంచీ మావాళ్ళు తేల్చలేకపోయిన సంగతి అది. ఆమె మాత్రం తన వరకు ఏనాడో తేల్చేసుకుంది.

దర్శనం అయిపోయింది, రైలుకు ఇంకా టైముంది, ఏం చూడొచ్చు అని అడిగేవాళ్ళకు దారి చెప్పడం, కావాలంటే వెంట పోయి చూపించడం నా ఉద్యోగం. మీలో ఎవరైనా అట్లా చంద్రగిరి వెళ్ళి, రాజమహల్లోని మ్యూజియం చూసి ఉంటే మా అత్తను కూడా చూసే ఉంటారు. పసుపు రాసిన మొహం, పెద్ద బొట్టు, రెండు చేతులకూ ఆకుపచ్చ గాజులు, పక్కన చీపురు. విగ్రహం మీద చెయ్యి వేసినవాళ్ళను "దానికి నీ చెమట ఏంటికప్పా?" అని కసిరేది. ఈ మహలు ఎవరు కట్టించారని అడిగితే "రాజులు" అనేది. ఏ రాజులు అంటే, "కిరీటం పెట్టుకున్నోళ్ళు, పో" అనేది. కట్టెముక్క వాడకుండా ఇంత కట్టడం లేపారని నేను టూరిస్టులకు గొప్పగా చెబుతుంటే, "ఈ కొండ మీద కట్టెలకు పోయినోళ్ళు దిగిరారని వాళ్ళకు తెలుసు, అందుకే రాయి పెట్టినారు," అని వెనకనుంచి గొణిగేది. నాకు ఒళ్ళు మండేది. వాళ్ళు నా మాట వదిలేసి ఆమె వైపు తిరిగేవాళ్ళు మరి.

ఆ గొణుగుడు ఊరికే వచ్చింది కాదు. ఆమె మొగుడు, మా మామ, ఆ కోటలోనే కూలి పని చేసేవాడట. గోడల మీద మొలిచిన చెట్లు కొట్టడం, కంపలు తీయడం. ఒక మధ్యాహ్నం కొండ మీదున్న పైకోటలో కంప కొట్టాలని గొడ్డలి భుజాన వేసుకుని ఎక్కాడు. దిగి రాలేదు. ఊరు ఊరంతా వెతికింది. కొండ మీది దొనల్లో, ఆ రాతి నీటిగుంటల్లో, తాళ్ళు వేసి గాలించారు. దొరికింది ఒక బండకు ఆనించిన గొడ్డలి, దాని మీద తలగుడ్డ. తలగుడ్డ శుభ్రంగా మడత పెట్టి ఉందట. నాయన ఈ మాట చెప్పినప్పుడల్లా అక్కడే ఆగిపోతాడు. పులి లాక్కుపోయినవాడు తలగుడ్డ మడత పెట్టడు. పారిపోయినవాడు గొడ్డలి వదిలిపోడు.

కొంతకాలానికి అత్త ఆ కోటలోనే ఊడ్చే పనికి చేరింది. దిగొస్తే ఆ దారినే రావాలి గదా, ఎదురుగా నేనుండాలి గదా అన్నది ఆమె లెక్క. మనిషి కనిపించకుండా పోయి పన్నెండేళ్ళు దాటితే దర్భతో బొమ్మ చేసి కర్మ జరిపించాలని పెద్దలు వచ్చారు. కర్మ జరిగితే తాళి తీయాలి, గాజులు తీయాలి. ఆమె పీట కూడా వేయలేదు. వాకిట్లో నిలబెట్టే, "ఆయప్ప సచ్చినట్టు మీకు ఎవురు సెప్పినారు? నాకైతే ఎవురూ సెప్పలా," అంది. అంతే, ఆ రోజు నుంచి వీధిలో సగం మంది ఆమెకు బొట్టు పెట్టడం మానేశారు. మా ఇంట్లో ఒక సీమంతానికి పసుపు గిన్నె పట్టుకున్న పెద్దావిడ పక్కావిడకు రాసి, అత్తను దాటి, ఆ తర్వాత కూర్చున్న ఆవిడకు రాసింది. అత్త నవ్వుతూనే ఉంది. నాకు ఆ గిన్నె లాక్కుని విసిరేయాలనిపించింది.

ఆమెకు బొట్టు దొరికే చోటు వేరే ఉంది. మ్యూజియంలో రాతి విగ్రహాలు వరసగా పెట్టిన గదిలో, గోడ చివర ఒక మాస్తికల్లు ఉండేది. మొగుడితోపాటు చితి ఎక్కిన ఆడమనిషి గుర్తుగా నాటే రాయి అది. నిలువు రాతిలోంచి ఒక చెయ్యి మోచేతి దగ్గర మడిచి పైకి లేచి ఉంటుంది, చెయ్యి నిండా గాజులు చెక్కి ఉంటాయి. మొహం ఉండదు. దర్శనం చేసుకుని వచ్చిన భక్తులకు ఏ రాయి కనిపించినా చెయ్యి ఊరుకోదు కదా, పొట్లంలోని కుంకుమ తీసి ఆ రాతి వేళ్ళకు పూసిపోయేవాళ్ళు. సాయంత్రం తడిగుడ్డతో తుడవడం అత్త పని. తుడిచేది. తుడిచి, ఆ గుడ్డను నుదుటికి అద్దుకునేది. "ముత్తైదువ సేతి బొట్టు. ఇంగెవురు పెడతారు నాకు?" అనేది, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. ఆ గదిలో నేను ఆ చేతికి వీపు తిప్పి ఎప్పుడూ నిలబడలేదు. పగలే, జనం ఉన్నా సరే, మెడ మీద చల్లగా ఏదో ఆనినట్టుండేది.

"నీకు భయం కాదా అత్తా?" అని అడిగాను ఒకసారి.

"ఆయమ్మకు మొగుడు పోయినాడని తెలుసు, పోయింది. నాకు తెలీదు, ఉండా. ఇద్దురికీ ఎవురి పని వాళ్ళకుండాది. భయమేంటికి?" అంది.

మధ్యాహ్నం కోట గోడ నీడలో కూర్చుని రాగిసంగటి తినేది. ఒక ముద్ద ఎప్పుడూ సత్తుగిన్నెలో వేరే తీసిపెట్టి, పైకోటకు ఎక్కే దారి మొదట్లో బండ మీద పెట్టి వచ్చేది. కోతులు తినిపోతాయే అని నేను ఎగతాళి చేశాను. మరుసటి రోజు పొద్దున నన్ను వెంటబెట్టుకుని పోయి చూపించింది. గిన్నె కడిగి, బోర్లించి ఉంది. చుట్టుపక్కల ఎక్కడా నీటి చుక్క లేదు. "కోతులు తింటాయి, సరే. కడిగి బోర్లిస్తాయా పాపా?" అంది. ఎవరో కాపలా మనిషి కడిగి ఉంటాడని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. ఆ కాపలా మనిషిని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తలుపులు వేసే వేళ ఆమె చేసే పని ఇంకొకటుంది. రాజమహల్ గుమ్మంలో నిలబడి లోపలికి కేక వేసేది: "ఇంగెవురన్నా ఉండారా?" అందరు ఉద్యోగులూ వేసే కేకే అది. కాకపోతే వాళ్ళు కేక వేసి తాళం వేస్తారు. అత్త జవాబు కోసం ఆగేది. తలుపు మీద చెయ్యి పెట్టి, తల వంచి, పక్కింటావిడ మాట్లాడుతుంటే విన్నట్టు వినేది. ఒకసారి నెల్లూరు వాళ్ళ బృందాన్ని బయటికి తోలి నేను ఆమె పక్కనే నిలబడ్డాను. ఎండ ఇంకా కొండ మీద ఉంది. అత్త కేక వేసింది. సందర్శకులను పోనివ్వని పై అంతస్తులోంచి, గొంతు సవరించుకున్నట్టు, ఒక చిన్న మాట వచ్చింది. "ఉండా."

నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి వెచ్చగా, స్థిరంగా ఉంది. "సరే, ఉండు," అని లోపలికి చెప్పి తలుపు మూసింది. దారిలో నా మొహం చూసి, "గాలి అనుకో నువ్వు. అట్లనుకుంటే నిద్ర పడతాది," అంది. ఆ మాట నేను చాలా రాత్రులు పాటించాను. నా పిరికితనాన్ని ఎగతాళి చేయకుండా, తన నమ్మకాన్ని నా మీద రుద్దకుండా, రెంటికీ చోటిచ్చిన మనిషి ఆమె. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

నాయన ఫోన్ చేసిన ఆ రోజు నేను చంద్రగిరిలో ఇల్లు చేరేసరికి, అత్తకు స్నానం చేయించాల్సినవాళ్ళు రెండు గుంపులయ్యారు. "ఇన్నేండ్లకు మనిషి బతికుంటాడా? పోయినోడి పెండ్లానికి కుంకుమ పెట్టి పంపిస్తే మన ఇండ్లల్లో ఆడబిడ్డలకు మంచిదా?" అని ఒక పిన్నమ్మ. ఇంకొకరు ఆమె గాజుల మీద చెయ్యి వేశారు, తీయడానికి. నేను ఏడుస్తూనే ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆమె బతుకంతా ఆ గాజుల కోసం కాపలా కాసింది. కాపలా మనిషి కళ్ళు మూయగానే దోచుకుంటారా అని అరిచాను.

నాయన గడప దగ్గర నుంచి లేచాడు. అక్క మీద ఏనాడూ ఒక మాట పడనివ్వలేదు గానీ, ఏనాడూ ఆమె పక్షాన ఒక మాట కూడా అనలేదు ఆయన. "మా బావ సచ్చింది మీలో ఎవురు సూసినారో ముందుకు రాండి," అన్నాడు. ఎవరూ కదల్లేదు. "అయితే సేతులు తీయండి. పసుపు తేపో పాపా."

పసుపు నేనే రాశాను. బొట్టు నేనే పెట్టాను. ఆ లాగులాటలో పగిలిన రెండు గాజుల చోట కొత్తవి వేశాను. పెళ్ళికూతురిలా ఉందని ఎవరో అంటే పిన్నమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. స్వర్ణముఖి ఒడ్డున, ఇసుక నేలలో పూడ్చి వచ్చాం. పుల్లవిరుపు మాటలు ఆగలేదు. మొగుడున్న మనిషయితే మొగుడేడీ, మట్టి వేసింది తమ్ముడు గదా అని దారి పొడుగునా అంటూనే వచ్చారు. నాయన తల వంచుకుని నడిచాడు.

మూడో రోజు పాలు పోయడానికి తెల్లవారాక అందరం కలిసి పోయాం. చెంబు నాయన చేతిలో ఉంది. ముందు నడుస్తున్న ఆయన ఆగిపోయాడు.

గోరీ మీద పాలు అప్పటికే పోసి ఉన్నాయి. తలవైపు మట్టి తెల్లగా తడిసి ఉంది, ఇంకా ఇంకలేదు, చీమలు కూడా పట్టలేదు. మంచుకు గట్టిపడిన ఇసుకలో కొండ వైపు నుంచి ఒక మనిషి వట్టి కాళ్ళ అడుగులు వచ్చి ఉన్నాయి. పెద్ద అడుగులు, మగమనిషివి. వచ్చి, ఆమె తలవైపు పక్కపక్కన నిలిచి ఉన్నాయి. తిరిగి పోయిన అడుగులు లేవు. నాలుగు వైపులా చూశాం. మా అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

పిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని దండం పెట్టింది.

నాయన భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు, పెద్దవాళ్ళ ముందు నిలబడినట్టు. "పదండి. పోయల్సినాయన వొచ్చి పోసినాడు. ఇంగ మనతో పన్లేదు," అన్నాడు.

ఆ అడుగులు తొక్కకుండా ఒకరి వెనక ఒకరం పక్కగా నడిచి వచ్చాం. నాయన చేతిలోని చెంబు నిండుగానే ఉంది. ఇల్లు చేరేదాకా అందులోంచి ఒక్క చుక్క తొణకలేదు.