పుష్పవల్లి వేలి తూకం

శనివారం పొద్దున్న ఏడింటికి, చివరి పొట్లం కట్టబోతూ పుష్పవల్లి ఆగిపోయింది. అరచేతిలో ఉన్న ఈగ తేలిగ్గా ఉంది. అది తేలిగ్గా ఉండకూడని ఈగ.

ఈగ అంటే నిజం ఈగ కాదు. గాలపు కొక్కేనికి మిరియపు గింజంత నల్ల పూస గుచ్చి, దాని వెనక కుందేలు బొచ్చూ, పిట్ట తోక ఈకా చుట్టి, సన్నటి రాగి తీగతో బిగించిన దొంగ పురుగు. చలిదేశాల నదుల్లో, నీటి అడుగున రాళ్ళను కరుచుకుని బతికే పురుగు పిల్లలు ఉంటాయట. వాటిని నింఫ్ అంటారు. ట్రౌట్ అనే చేపకు అవంటే ప్రాణం. ఆ చేపను మోసం చెయ్యడానికి ఇక్కడ మలేషియాలో, క్లాంగ్ ఊళ్ళో, వరస ఇళ్ళలో ఒకదాని వెనక గదిలో కూర్చుని పుష్పవల్లి ఈ పురుగులు కడుతుంది. ఆ చేపను ఆవిడ ఫోన్లో తప్ప చూసింది లేదు. చూడాలన్న సరదా కూడా లేదు. ఏ చేప నోట్లో ఏది పడితే మనకేం, కట్టినది గట్టిగా ఉండాలి, తూకం సరిగ్గా ఉండాలి, అంతే ఆవిడ లెక్క.

ఆ తూకం దగ్గరే ఇప్పుడు తేడా వచ్చింది. పూసల్లో రెండు రకాలు. టంగ్‌స్టన్ పూస బరువు, ఇత్తడి పూస తేలిక. వడిగా పారే లోతు నీళ్ళకు బరువు ఈగ కావాలి, పలచటి నీళ్ళకు తేలిక ఈగ. రెండూ ఒకటే సైజు, ఒకటే నలుపు. పైపూత గీరి చూసినా కింద రెండింటికీ తెల్ల పూతే. తేడా కంటికి కనపడదు. మిగతా చోట్ల ఈ పని చేసేవాళ్ళు బరువు ఈగల మెడకు ఎర్రదారం గుర్తు చుడతారు. పుష్పవల్లి చుట్టదు. అలా గుర్తులు పెట్టుకోవడం ఆవిడ దృష్టిలో చేతకానివాళ్ళ పని. కట్టడం అయ్యాక ఒక్కో ఈగనూ అరచేతిలో వేసుకుని, కళ్ళు మూసుకుని, వేలి కొసతో ఒక్కసారి దొర్లిస్తుంది. అది ఏదో వేలు చెబుతుంది. పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

ఆ వేళ్ళకు ఆ తెలివి ఊరికే రాలేదు. పుష్పవల్లి పుట్టింది బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో, తెలుగు కూలీలుండే వరస గదుల లైన్లలో. పందొమ్మిదో ఏట క్లాంగ్ వచ్చి, ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు వెంట్రుకంత రాగితీగ చుట్టింది. చుట్టిన తీగ ఎక్కడ ఒక వరస తప్పిందో చూడకుండా చెప్పేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒకాయన చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని, తొమ్మిదిమంది ఆడవాళ్ళకు ఈ పని నేర్పాడు. తోటల్లో పెద్దవాళ్ళు తెల్లవాణ్ణి పిలిచే అలవాటు కొద్దీ పుష్పవల్లి ఆయన్ని దొర అంటుంది. షెడ్డు ఎత్తేసి ఆయన తన దేశం వెళ్ళిపోయాక కూడా ఇంటి దగ్గర కట్టి పంపమన్నాడు. తొమ్మిదిమందిలో ఒకరి తరవాత ఒకరు ఆగిపోయారు. ఇద్దరిని దొరే మాన్పించాడు. వాళ్ళ పొట్లాల్లో తూకాలు కలిసిపోయాయి. దొరకు కోపం లేదు, అరుపులు లేవు, మళ్ళీ ఆర్డరు రాదు, అంతే. చివరికి మిగిలింది పుష్పవల్లి ఒక్కతే. ఇప్పుడు ఆయన ఈగలు గుచ్చి అమ్మే అట్టల మీద 'క్లాంగ్ పుష్ప కట్టినవి' అని అచ్చు వేయిస్తానన్నాడు. ఈ సరుకు నుంచే. అక్టోబరు ఒకటిన అక్కడ చేపల వేట మొదలు. మధ్యాహ్నం మూడింటికి కొరియర్ కుర్రాడు వస్తాడు. బరువు ఈగలు నూటయాభై, తేలిక ఈగలు నూటయాభై.

కట్టిన బరువు పొట్లాలన్నీ విప్పింది. మళ్ళీ ఒక్కొక్కటీ అరచేతిలో వేసి చూసింది. ఎనిమిదిన్నర అయ్యేసరికి నలభై ఒకటి పక్కన తేలాయి. నలభై ఒకటి తేలిక! ఇలా ఎలా కలిశాయి? పూసల డబ్బాలు రెండూ ఎప్పుడూ వాటి చోటు వదలవు. వదిలింది ఒక్కసారే. మంగళవారం చుట్టాలొస్తున్నారని పునిత ఆ గది సర్దింది.

పునిత కూతురు. ఇరవై ఏడేళ్ళది, ఇన్సూరెన్స్ ఆఫీసులో పని. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేది తక్కువ. ఏ భాష మాట్లాడినా చివర మలయ్‌వాళ్ళ 'లా' తగిలించకపోతే దానికి మాట పూర్తయినట్టు ఉండదు. అప్పుడే నిద్ర లేచి టీ కలుపుకుంటున్న పిల్ల మీదకు పుష్పవల్లి వెళ్ళింది.

"మంగలారం నా డబ్బాలు ఏటి సేసినావే నువ్వు?"

"ఏటి సెయ్యలేదమ్మా. దుమ్ము తుడిచినాను లా. మళ్ళీ అక్కడే పెట్టినాను."

"మూతలు తీసినావా?"

"ఒకటి కింద పడినాది. పూసలు పడలేదు. నాను సూసినాను లా."

"సూసినావా? నీ కల్లకి ఏటి తెలస్తాది? కలిపేసినావు! పదకొండేల్లు నాను కాపాడుకున్న పేరు, ఒక గుడ్డముక్కతో తుడిసేసినావు!"

పునిత కప్పు కింద పెట్టింది. "డబ్బా మీద పేరు రాసి ఉంది కదా అమ్మా. నాను బేబీనా?" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అలా నోరు పారేసుకోవడం పుష్పవల్లికి అలవాటు లేదు. ఆ పిల్లను చిన్నప్పుడు కూడా కసిరింది తక్కువ. కానీ భయం మనిషి నోటిని తన చేతుల్లోకి తీసుకుంటే ఇలాగే ఉంటుంది.

భర్త రాజన్ పేపరు మడిచి వచ్చాడు. రిటైరైన లారీ డ్రైవరు. ఏ ఇబ్బందికైనా బండి తియ్యడమే ఆయనకు తెలిసిన మందు. "ఎందుకలా పిల్ల మీద పడతావు పుష్పా? కలిసినాయో లేదో తూకం ఎయ్యి, తేలిపోతాది."

"వంటింటి కాటా మీదా? అది ఉల్లిపాయలకే సరిగ్గా సెప్పదు."

"సిన్నప్పన్ కొట్టులో బంగారం కాటా ఉంది కదా. ఎల్దాం పద."

చిన్నప్పన్ క్లాంగ్ లిటిల్ ఇండియా బజారులో కంసాలి. పునిత చెవిపోగుల దగ్గర్నుంచి అన్నీ ఆయన దగ్గరే. పదింటికి కొట్టు తెరుస్తాడు. కారులో పుష్పవల్లి ఈగల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నలభై ఒకటి మళ్ళీ కట్టాలంటే రెండు రోజులు. మూడింటిలోగా అయ్యే పని కాదు. చెడ్డవి తీసేసి నూటతొమ్మిదే పంపితే? దొర ఎందుకని అడుగుతాడు. చెప్పకుండా పంపేస్తే? ఏ నదిలోనో మోకాళ్ళ లోతు చన్నీళ్ళలో నిలబడినవాడు గాలం విసురుతాడు, ఈగ అడుక్కి దిగదు, వాడు అట్ట తిప్పి చూస్తాడు. అట్ట మీద తన పేరు.

"ఎందుకలా ఒనుకుతున్నావు?" అన్నాడు రాజన్.

"ఏసీ తగ్గించు."

ఏసీ వేసి లేదు. ఆయన కిటికీ అద్దం పైకెత్తాడు.

శనివారం కావడంతో కొట్టు కిటకిటలాడుతోంది. చిన్నప్పన్ ఆవిణ్ణి లోపలి బల్ల దగ్గర కూర్చోబెట్టి, అద్దాల పెట్టెలో ఉన్న చిన్న కాటా ముందుకు జరిపాడు. అందరితో మాట్లాడినట్టే ఆవిడతోనూ తమిళంలోనే మాట్లాడతాడు. "ఏమక్కా, ఇన్నాళ్ళకు పురుగులకు కూడా హాల్‌మార్క్ వేయిద్దామనా?" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ముందు తేలిక పొట్లంలోంచి ఒకటి ఇచ్చింది. గ్రాములో మూడో వంతు కూడా లేదు. తరవాత తాను నమ్మిన బరువు ఈగ ఒకటి ఇచ్చింది. అర గ్రాము దాటింది. తేడా తెలిసిపోయింది. ఇక అనుమానం ఉన్న నలభై ఒకటి.

మొదటిది వేశాడు. అర గ్రాము దాటింది.

రెండోది. అర గ్రాము దాటింది.

మూడు, నాలుగు, అయిదు. పదో దానికి రాజన్ కాస్త ముందుకు వంగాడు. ఇరవయ్యో దానికి వీపు నిటారు చేసుకున్నాడు. చిన్నప్పన్ చిన్న పట్టుకారుతో ఒక్కోటీ పళ్ళెంలో పెట్టడం, అంకె చదవడం, తియ్యడం. నలభై ఒకటీ అయ్యాయి. ఒక్కటి కూడా తేలిక కాదు.

"అన్నీ బరువువే అక్కా. ఒక్క దానిలో కూడా తప్పు లేదు" అన్నాడు చిన్నప్పన్.

రాజన్ బల్ల మీద చరిచాడు. "సెప్పినానా! పిల్ల ఏమీ కలపలేదు. వట్టి అనుమానం!" పక్కన గాజులు చూస్తున్న ఆడవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. సరుకు బాగుంది, మూడింటికి కొరియర్ పట్టుకెళ్తాడు, అట్ట మీద పేరు పడుతుంది. ఇంకేం కావాలి?

పుష్పవల్లికి మాత్రం గండం గడిచినట్టు అనిపించలేదు. ఈగల్లో తప్పు లేకపోతే తప్పు ఎక్కడుంది?

"కాటా సరిగ్గా సెప్తాందా?" అని తమిళం మరిచిపోయి తెలుగులోనే అడిగింది. రాజన్ తమిళంలో చెప్పాడు. చిన్నప్పన్ నొచ్చుకోకుండా తూకపు రాయి వేసి చూపించాడు. కాటా సరిగ్గానే ఉంది.

"ఒక బరువుదీ ఒక తేలికదీ తీసుకో తమ్ముడూ" అంది ఆవిడ, ఈసారి తమిళంలో. "నేను కళ్ళు మూసుకుంటాను. నీ ఇష్టం వచ్చింది చేతిలో పెట్టు."

పెట్టాడు. వేలితో దొర్లించింది. "తేలిక."

చిన్నప్పన్ రాజన్ వైపు చూశాడు. తీసి ఇంకోటి పెట్టాడు.

"ఇదీ తేలికే."

"పుష్పా, సాల్లే" అన్నాడు రాజన్. ఆయన గొంతులో నవ్వు లేదు.

"ఇంకొకటి పెట్టమను."

ఎవరో ఆడమనిషి ఉంగరం ధర అడిగింది. చిన్నప్పన్ ఆవిడకేదో చెప్పడం వినిపించింది. పుష్పవల్లి చెయ్యి చాపుకునే ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుంది, ఉన్న ప్రాణమంతా వేళ్ళలోకి తెచ్చుకుంది. అరచేతి మధ్యలో వేలి కొసను మెల్లగా తిప్పింది. ఉంది. అవును, ఈసారి తెలుస్తోంది.

"బరువు" అంది. "ఇది బరువుది."

కొట్టులో గోల గోలగానే ఉంది. చిన్నప్పన్ ఎంతో మెల్లగా అన్నాడు: "అక్కా, నేనింకా పెట్టలేదు."

కళ్ళు తెరిచింది. అరచెయ్యి ఖాళీగా ఉంది.

ఎనిమిదేళ్ళుగా ఆవిడకు షుగరు. క్లినిక్‌లో నర్సు, స్పర్శ పోవచ్చు, పాదాలు చూసుకోమంది కాబట్టి రోజూ రాత్రి అద్దం పెట్టుకుని పాదాలు చూసుకుంటుంది. చేతుల సంగతి ఎప్పుడూ అనుకోలేదు. చేతులు ఎప్పుడూ పనిలో ఉంటాయి కదా, వాటికేం అవుతుంది? ఏప్రిల్లో ఒకసారి, జులైలో ఒకసారి రమ్మన్నారు. ఆర్డర్లున్నాయని రెండుసార్లూ మానేసింది. ఆ సంగతి రాజన్‌కు తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పుష్పవల్లి ఫోన్ తీసి పునితకు చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"నువ్వు ఏటీ కలపలేదమ్మా. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా సేతికే తెలవడం లేదు. పూస ఉన్నాదో లేదో కూడా తెలవలేదు."

పొద్దుటి కోపమంతా పోయిన గొంతుతో పునిత అడిగింది: "ఎన్నాళ్ళ నుంచి అమ్మా?"

నిన్నా? మంగళవారమా? పోయిన నెల పంపిన సరుకా, దాని ముందుదా? పదకొండేళ్ళలో ఎన్ని పొట్లాలు ఈ వేళ్ళ మాట విని కట్టింది?

"నాకు తెలీదే" అని, చిన్నప్పన్ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది.