తాళం తిప్పగానే ఎక్కిన ముల్లు

ఈ ఉదయం తొర్రూరులో మా పాత కారు తాళం తిప్పానో లేదో, ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత ఎక్కి కూర్చుంది. పక్కింటి బామ్మర్ది వచ్చి తీర్పు చెప్పాడు: "ఇంజన్ ఖతం బావా. తుక్కోళ్లకు అమ్మెయ్."

బానెట్ ఎత్తి చెయ్యి పెట్టాను. ఇంజను చల్లగా ఉంది! కార్ల రిపేరు పుస్తకం తెచ్చి తిరగేశాను. టెంపరేచర్ సెన్సర్ మీద అనుమానం వచ్చింది.

"గిన్ని బుక్కులు సదివి ఏం పీకినవ్ బావా?" అన్నాడు. నా పెళ్లినాటి నుంచీ ఇదే మాట.

సెన్సర్ వైరు ఊడబెరికాను. ముల్లు టక్కున కిందికి దిగింది! ఇంజను నిక్షేపంగా ఉంది, చెడింది సెన్సర్ ఒక్కటే.

"గిది పీకిన. సూడు," అని వైరు అతని ముక్కు దగ్గర ఆడించాను.

అతను ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాడు. సెన్సర్ మార్చడానికి నాకిప్పుడు తొందరేం లేదు. వచ్చినవాళ్లందరికీ ఆ వైరు పీకి చూపిస్తున్నాను. మీరూ రండి, చాయ్ నాది.