ఓడల నోటీసు కింద

అంచెట్టి కొండల్లో ఫోనుకు సిగ్నల్ దొరకదు. అందుకే పద్మావతమ్మ టీచర్ శనివారం శనివారం బస్సెక్కి హోసూరు విద్యాశాఖ ఆఫీసుకొచ్చి, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, నోటీసు బోర్డును పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదువుతుంది. ఉద్యోగం నిలవాలంటే ఈ వయసులో ఆమె టీచర్ల పరీక్ష పాసవ్వాలి. కొన్ని వారాలుగా బోర్డు నడుమ ఓడల భద్రత నోటీసే కనబడుతోంది. ఈ రోజు దాని అంచు లేచి ఉంటే గోటితో లాగింది. కింద పరీక్ష నోటీసు ఉంది. దరఖాస్తు గడువు నిన్నటితో అయిపోయింది.

“హోసూరులో సముద్రం యాడుంది మాదేశప్పా?” అని అటెండర్‌ను అడిగింది.

“బోర్డులో జాగా లేదని ఆఫీసరు సారే దాని మీద అంటించమన్నారమ్మా.”

ఆమె ఓడల నోటీసును చిరగకుండా ఊడదీసింది. అతని గిన్నెలోని మైదా జిగురు పూసి, మూసి ఉన్న ఆఫీసరు గది తలుపుకు, రెండు రెక్కలూ కలిసేచోట అంటించింది. ‘ప్రమాదం సంగతి అందరికీ ముందుగానే తెలపాలి’ అన్న వాక్యం సరిగ్గా కంటికెదురుగా నిలిచింది.

“సారు వచ్చే టైమమ్మా,” అన్నాడు మాదేశప్ప భయంగా.

ఆమె ఎదురు బెంచీ మీద కూర్చుంది. “రానీప్పా. చదవనీ, చించనీ, ఏదైనా నా ముందరే చెయ్యనీ.”