ఇసుర్రాయి దగ్గర వంగిన గీత

గోదావరిఖనిలో మా పాత కాలనీ నీళ్ళ పైపు పటం చూస్తే, ఒకచోట గీత కారణం లేకుండా వంగినట్టు ఉంటుంది. కారణం తెలిసినవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. ఆ నేల ఇప్పుడు లేదు. అందుకే రాసిపెడుతున్నాను. పేర్లు మాత్రం వద్దంది అక్క.

అక్క అంటే మా పక్క క్వార్టరు ఆమె. గుడిసెల కాలంలో ఆమె తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. పసిగుడ్డును కాల్చరు, పూడ్చిపెడతారు. కుక్కలు తవ్వకుండా బావ, పిండి విసిరే ఇసుర్రాయి పైరాయిని మీద పెట్టి మట్టి కప్పాడు. తర్వాత గుడిసెలు పోయి క్వార్టర్లు వచ్చాయి, రోడ్డు పడింది, బావ కూడా పోయాడు. కిందిరాయి అక్క ఇంట్లోనే ఉండిపోయింది. "ఈ గల్లీలనే యాడనో ఉన్నది" అనేది.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు కొత్త పైపు వేయాలని, భూమిలో పాత పైపులు, కేబుళ్ళు ఎక్కడున్నాయో చూసే రాడార్ బండి తెచ్చారు. చక్రాల మీద ఒక పెట్టె, పైన తెర.

"ఏంది తమ్మీ, అయిస్‌క్రీం బండా?" అన్నాడు డ్యూటీ దిగొచ్చిన ఒకాయన.

"అవ్ కాక. సరుకు భూమిలున్నది, తవ్వుకో" అన్నాడు బండి తోసే తమ్ముడు.

నా చదువంతా లైబ్రరీ చదువే. అక్కకు వివరంగా చెప్పాను: పెట్టె భూమిలోకి అలలు పంపుతుంది, ఏదైనా తగిలితే అవి తిరిగొస్తాయి, తెర మీద బోర్లించిన గంపలా గీత పడుతుంది. అంతా విని ఒక్కటే అడిగింది.

"రాయి గిట్ట కనబడ్తదా?"

"రాయైతే కనబడొచ్చు. పసిగుడ్డు ఎముకలు కనబడవక్కా."

"నాకు రాయి చాలు."

ఆమె బండి వెంటే నడిచింది. గల్లీలో ఒక మునగచెట్టు ముందు, తెర మీద గంప లేచింది. తమ్ముడు అటూ ఇటూ తోసి చూసి, వెంట ఉన్న సూపర్‌వైజరుతో అన్నాడు: "పైపు కాదన్నా. పైపైతే పొడుగుత పోవాలె. ఇది ఒక్క కాడనే ఉన్నది."

అక్క రోడ్డు మీద కూర్చుని అక్కడ అరచెయ్యి ఆనించింది. కొత్త పైపు కోసం సున్నంతో గీసిన కందకం గీత సరిగ్గా దాని మీదుగానే పోవాలి. పక్కనే కరెంటు కేబులు.

"జరంత జరుపు కొడుకా" అంది సూపర్‌వైజరుతో. "బిడ్డను లేపితే మళ్ళ పండదు."

ఆయన సున్నం తీసుకుని గీతను కేబులు వైపు వంచాడు. కేబులు తెగకుండా అక్కడ మిషను ఆపి, మనుషులతో తవ్వించాడు. అప్పటినుంచి అక్క వాకిలి చల్లేటప్పుడు రోడ్డు మీద ఆ చోట కూడా నీళ్ళు చల్లేది.

తర్వాత ఓపెన్‌కాస్టు బొగ్గు గని కోసం కాలనీ ఖాళీ చేయించారు. దానికి రాడార్ అక్కర్లేదు. ఏముందో వెతకరు, మొత్తం తీస్తారు.

"రాయన్నా తీసుకుందామక్కా" అన్నాను.

"అది ఆడ పండుకున్నది. రాయి తెచ్చుకొని నేనేం చేస్త?"

సామాను బండి కదిలే ముందు కిందిరాయిని మోసుకెళ్ళి ఆ చోట పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చింది.

బండి తోసిన తమ్ముడికి, గీత వంచిన అన్నకు, రాడార్ గురించిన పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సారుకు నా దండాలు. బావకు కూడా. కుక్కలకు భయపడి ఆయన పెట్టిన రాయి లేకపోతే, అక్కకు కొన్నేళ్ళయినా ఆ చోటు దొరికేది కాదు.