యజమాని చేతి ముద్ద

లింబాద్రి చేతిలో ఎన్నడూ కర్ర ఉండేది కాదు. నిజాం కాలంలో ఒక జాగీర్దారు వేటకుక్కల దగ్గర పనిచేసి, జాగీరు పోయాక బోధన్ చుట్టుపక్కల ఇళ్లకూ చెరుకు తోటలకూ కాపలా కుక్కలను తయారుచేస్తూ బతికాడు. కొత్త కుక్క ఎదుట ముందు ఒక పూటంతా ఊరికే కూర్చునేవాడు. అది తనంతట తాను వచ్చి అరచేయి వాసన చూశాకే, కూర్చోమని "బైఠో" అనేవాడు, పక్కనున్నవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా. దొంగలు విషం కలిపిన మాంసం వేస్తారని, యజమాని పెట్టింది తప్ప మరేదీ ముట్టకుండా నేర్పడం అతని విద్యలో ఆఖరి పాఠం. అది ముగిశాక కుక్క తన చేతి రొట్టెను కూడా వద్దంటే మురిసిపోయేవాడు.

కోటగిరిలో బాపురావు చెరుకుబండి బోల్తాపడి చనిపోయిన కొద్దిరోజులకు, ఆయన భార్య గంగుబాయి కబురు పెట్టింది. వాళ్ల కాపలా కుక్క మోతి నీళ్లు తాగుతోంది గానీ ఎవరు పెట్టినా తినడం లేదు. లింబాద్రి వెళ్లేసరికి అది బాపురావు మంచం కింద పడుకుని ఉంది, పక్కటెముకలు తేలాయి. జొన్నరొట్టె పాలలో నానబెట్టి అరచేతిలో పెట్టి చూపాడు. మోతి తోక ఆడించింది, అతని మణికట్టు నాకింది, ముఖం పక్కకు తిప్పుకుంది.

"నీ మాట ఇంటది గద లింబన్నా, జర తినుమని సెప్పు," అంది గంగుబాయి.

"తినొద్దని సెప్పింది నేనే గదక్కా," అన్నాడు లింబాద్రి. "సెప్పింది మర్సిపొమ్మనుడు నాకు రాదు."

పాలు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నా అతను చేయి వెనక్కి తీసుకోలేదు.