మా ఇంటావిడ మెడలో కార్డు

మొన్న ఆదివారం బెర్లిన్ నుంచి మ్యూనిక్ వెళ్ళాం, ఒకప్పుడు నేను అద్దెకున్న ఇంటావిడ ఎనభయ్యో పుట్టినరోజుకి. ఆవిడ తలుపు తీయగానే మా పాప కిసుక్కున నవ్వింది. పట్టు జాకెట్టు, ముత్యాల దండ, ఆ దండ కింద తాడుకి వేలాడుతూ గుర్తింపు కార్డు! "ఓమా, నువ్వు కూడా కీటాకి వెళ్తున్నావా?" అని జర్మన్‌లో అడిగింది. ఓమా అంటే అమ్మమ్మ, కీటా అంటే పాప మెడలో కార్డు వేసుకుని వెళ్ళే పిల్లల బడి. ఆ కార్డు కథ పాపకి తెలీదు. నాకు తెలుసు గనక ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాను.

చదువుకునే రోజుల్లో ఆవిడ మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. మనసు వెన్న. ఆదివారం కాఫీకి పిలిచి, యాపిల్ కేకు ఇంకో ముక్క వేసుకోకపోతే అలిగేది. ఒక్క విషయంలోనే మాకు పొసగేది కాదు. రైలెక్కితే చాలు, పోలీసులు పెట్టెలో అందర్నీ దాటుకుని నా దగ్గరికే వస్తారంటే, "అదంతా నీ అనుమానం, అమ్మాయీ! వాళ్ళు అందర్నీ అడుగుతారు," అనేది. నాకు ఒళ్ళు మండేది. అద్దెకున్న ఇంట్లో ఏం పోట్లాడతాం? కేకుతోపాటు కోపమూ మింగేదాన్ని.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ ఆగ్స్‌బర్గ్‌లో. ధైర్యానికి నేనున్నానంటూ ఆవిడా బయల్దేరింది. నా వీసా కార్డు రెన్యూవల్‌కి వెళ్ళింది, చేతిలో వీసా ఆఫీసువాళ్ళిచ్చిన తాత్కాలిక కాగితమే ఉంది. రైల్లోకి పోలీసులిద్దరు ఎక్కి, ఇంకెవరినీ అడక్కుండా తిన్నగా నా ముందుకొచ్చారు. కాగితం అటూ ఇటూ తిప్పి, "వచ్చే స్టేషన్లో దిగండి, విచారించాలి," అన్నారు. దిగితే ఇంటర్వ్యూ పోయినట్టే. ఇంటావిడ లేచి, "నన్ను అడగరేం? నాదీ చూడండి," అంటూ చేతిసంచి తెరిచింది. అల్లిక ఊలు, కళ్ళజోడు, రెండు యాపిల్ పళ్ళు బయటికొచ్చాయి గానీ కార్డు రాలేదు. జన్మలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు గనక ఇంట్లో సొరుగులోనే పడేసి తిరుగుతోంది మహాతల్లి! పోలీసు నవ్వి, "ఫర్వాలేదండీ, మీరు కూర్చోండి," అన్నాడు.

ఆ నవ్వుకి ఆవిడ ముఖం కందగడ్డయింది. "ఏ కాగితమూ లేని నన్ను కూర్చోమంటారు, కాగితం చూపించిన పిల్లని దిగమంటారా? అయితే నన్నూ దించండి!" అని పెట్టె అదిరేలా అరిచింది. ఎదుటి సీటాయన కూడా తన కార్డు చాపాడు. పోలీసులు అక్కడే ఫోన్ చేసి కనుక్కుని, నా కాగితం తిరిగిచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "నువ్వు చెప్పినప్పుడల్లా కేకు పెట్టి నోరు మూయించాను. నాకు అవసరం పడలేదు గనక నా కళ్ళకి కనబడలేదు. క్షమించు," అంది. ఇంటర్వ్యూ అందింది, ఉద్యోగమూ వచ్చింది. ఇదంతా ఫోన్లో విని కరీంనగర్‌లో మా అమ్మ, "మనిషంటే గామె, బిడ్డా!" అంది.

మర్నాడే కార్డు ఆవిడ మెడకెక్కింది. అక్కడితో ఆగితే ఆవిడెందుకవుతుంది! తన చర్చి పాటల బృందంలో ఆడవాళ్ళందరికీ కార్డు తాళ్ళు అల్లిచ్చింది. రైల్లో ఎవరినైనా రంగు చూసి ఆపారా, ఈ ముసలమ్మలు లేచి పక్కన నిలబడి కార్డులు చాపుతారు. ఇదేం పిచ్చని బంధువులు కొందరు రావడం మానేస్తే, "పోనీ, కేకు మిగులుతుంది," అందట. ఆవిడ మా ఇంటావిడ అని చెప్పుకోవడం నాకెంత గర్వమో!

మొన్న కేకు కోశాక ఆ కార్డు తీసి పాప చేతికిచ్చింది. పాతదాని గడువు తీరితే, మోకాళ్ళ నొప్పులతోనే ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళి, పదేళ్ళ గడువుతో కొత్తది చేయించుకుందట. "చూడు, ఇంకా పదేళ్ళు డ్యూటీ ఉంది నాకు," అని మురిసిపోయింది. ఎవరికెంత కాలం రాసిపెట్టి ఉందో ఎవరికి తెలుసు గానీ, మా ఇంటావిడ మాత్రం ఆ పదేళ్ళూ ముందే తీసేసుకుంది.