కుడి పక్కకు తిరగమన్న నేరం

ఆ రోజుల్లో స్కానింగ్ గది అంటే మా వైపు జనానికి సగం ఆసుపత్రి, సగం సోది చెప్పే చోటు. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. నేను జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో నందిగామ వెళ్లి, ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో అల్ట్రాసౌండ్ టెక్నీషియన్‌గా పనిచేసేదాన్ని. నా వయసు ఇరవై మూడు. నా కోపం వయసు అరవై అని మా అమ్మ అనేది. ముందుగా నేను పొట్టమీద జెల్ రాసి కొలతలు తీసి ఉంచితే, డాక్టరమ్మ వచ్చి మళ్లీ చూసి సంతకం పెట్టేది. స్కానింగ్‌కు మంచినీళ్లు బాగా తాగి రమ్మని కోడలికి చెబితే, ఆ పిల్ల గుక్కెడు తాగేది, తోడొచ్చిన అత్తగారు చెంబెడు తాగేది (బాత్రూమ్ ఎక్కడని అడిగేదీ ఆవిడే). అవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది.

గోడమీద బారెడు బోర్డు. పుట్టబోయేది ఆడో మగో చెప్పం, అడగడమూ నేరమే అని ఎర్ర అక్షరాల్లో రాసి ఉండేది. సరిగ్గా దాని కిందే నిలబడి అడిగేవారు. నోటితో చెప్పకపోతే నా ముఖంలో వెతుక్కునేవారు. నవ్వితే మగపిల్లాడట, మూతి ముడిస్తే ఆడపిల్లట. ఈ బాధ పడలేక ఇంట్లో అద్దం ముందు నిలబడి, ఏ భావమూ లేని ముఖం ఒకటి తయారుచేసుకున్నాను. దానికీ అర్థం తీశారు, కవల పిల్లలని. ఇంక మనిషి ఏం చెయ్యాలి చెప్పండి?

అలాంటి రోజుల్లో వత్సవాయి నుంచి ఒక పెద్దావిడ కోడల్ని తీసుకొచ్చింది. కోడలికిది రెండో కాన్పు, అయిదో నెల. మొదటిది ఆడపిల్ల. అత్తగారిని బయట కూర్చోమంటే, కూర్చోకుండా తలుపు దగ్గర కర్టెన్‌కు చెవి ఆనించి నిలబడింది. లోపల బిడ్డేమో మాకు వీపు చూపించి పడుకుంది, తల కొలత అందడం లేదు. అలాంటప్పుడు తల్లిని కాస్త పక్కకు తిప్పితే బిడ్డ కదులుతుంది. నేను కూర్చునేది బల్లకు కుడివైపు, ఎడమవైపు గోడ. అందుకని, "కుడి పక్కకి తిరగమ్మా" అన్నాను. ఆ పిల్ల మెల్లగా కదులుతుంటే మరోసారి అన్నాను. అంతే, ఇంకొక్క మాట అదనంగా అంటే ఒట్టు. పని ముగించి పంపేశాను, ఆ పూటే మర్చిపోయాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున గది ముందు జనం కిటకిటలాడుతున్న వేళ, ఆ పెద్దావిడ వారం రోజుల పసిగుడ్డును భుజాన వేసుకుని వచ్చి నా మీద విరుచుకుపడింది. నేను మగపిల్లాడని చెప్పానట. నా మాట నమ్మి ఊరంతా చెప్పుకుందట, పేరు కూడా అనుకున్నారట. తీరా చూస్తే ఆడపిల్ల పుట్టిందట. డాక్టరమ్మ తన గదిలోంచి లేచి వచ్చింది. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆ మాట నిజమైతే ముందు నా ఉద్యోగం పోతుంది, తర్వాత మిషన్‌కు సీలు పడుతుంది, ఆపైన ఇద్దరం కోర్టు మెట్లెక్కాలి. "నిజం చెప్పు. ఏమైనా అన్నావా?" అని నన్ను అడిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పానన్నది ఒక నింద, తప్పు చెప్పానన్నది రెండో నింద. ఉన్నమాట ఒప్పుకుంటాను, ఆ రెండోదే నన్ను ఎక్కువ కాల్చింది. చదువుకుని, పరీక్ష పాసై, పొట్టలో వేలెడంత బిడ్డ తొడ ఎముక కొలిచేదాన్ని, నేను తప్పు చెబుతానా! కోపంలో నోరు జారింది. "నేను చెబితే సరిగ్గానే చెప్పేదాన్ని మేడమ్" అన్నాను.

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. బెంచీమీద ముగ్గురు మాత్రం నా వైపు కొత్త ఆశతో చూడడం మొదలుపెట్టారు (అందులో ఒకాయన కిడ్నీలో రాయి కోసం వచ్చినవాడు).

చివరికి డాక్టరమ్మే తేరుకుని, ఈ అమ్మాయి అచ్చంగా ఏ మాట అందో చెప్పమని పెద్దావిడను నిలదీసింది.

"కుడి పక్కకి తిరగమంది. ఒకసారి కాదు, రెండుసార్లంది. నేను కర్టెన్ కాడే ఉన్నాగా, నా చెవులతో విన్నా. కుడంటే మగపిల్లాడని ఎవరికి తెలవదమ్మా?"

కుడి మగ, ఎడమ ఆడ అన్నది మా వైపు ముసలమ్మల పాత లెక్క. నాకూ తెలుసు, కానీ అది స్కానింగ్ బల్లదాకా వస్తుందని కలగన్నానా? డాక్టరమ్మ గట్టిగా ఊపిరి వదిలి, బల్లమీద ఎవర్ని ఎటు తిప్పుతామో ఆవిడకు విడమరిచి చెప్పింది. పెద్దావిడ సగమే నమ్మింది. తిట్టడం ఆపలేదు. అంత తిడుతూనే, ఫ్యాన్ గాలి కొట్టకుండా బిడ్డ తలమీద కొంగు సర్దుతూ ఉంది. అది నేను చూశాను, కానీ ఆ కోపంలో లెక్కలోకి తీసుకోలేదు. నా ఉద్యోగం నిలిచింది. ఇకమీదట కుడి ఎడమ అనే మాటలు నోట రానివ్వొద్దని, "ఇటు తిరగమ్మా" అని మాత్రమే అనాలని నాకే హెచ్చరిక. తప్పెవరిది, చీవాట్లెవరికి! నాకు మాత్రం ఎవరో ఒకరు క్షమాపణ చెప్పితీరాలి అనిపించింది.

టీకా వేయించడానికి పెద్దావిడ బిడ్డతో లోపలికి వెళ్లగానే, అంతసేపూ గోడవారన తలవంచుకు నిలబడ్డ కోడలు నా దగ్గరకు వచ్చింది. నేను ఆ పిల్లనూ వదలదలచుకోలేదు. లోపల బల్లమీద ఉన్నది నువ్వే కదా, నేనేం చెప్పలేదని ఒక్క ముక్క అనలేకపోయావా అని కడిగేశాను.

"మీరేం చెప్పలేదని నాకు తెలుసక్కా" అంది నెమ్మదిగా. "ఆ రోజు బస్సులోనే మా అత్త మగపిల్లాడేనంది. నేను కాదన్లేదు. పెద్దదాని కడుపప్పుడు తొమ్మిదో నెల దాకా పత్తి తీశా. అది రెండు కిలోలు కూడా లేదు పుట్టినప్పుడు. ఈసారి చేలోకి పంపలా. రోజూ గుడ్డు ఉడకబెట్టి, దగ్గర కూర్చుని మరీ తినిపించింది. ఇది మూడు కిలోలుంది."

కోపం చల్లారిందని అబద్ధం చెప్పను. సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో కూర్చుని, నా పరువు తీసి ఆ పిల్ల గుడ్లు తిన్నదని దారిపొడుగునా పళ్లు కొరుక్కున్నాను. చాలాకాలం పాటు, తలుపు తీసినప్పుడల్లా వత్సవాయి నుంచి ఎవరైనా క్షమాపణ చెప్పడానికి వచ్చారేమో అని చూసేదాన్ని కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవై మూడేళ్ల పిల్లను చూసి నవ్వొస్తుంది. అన్నీ మిల్లీమీటర్లలో కొలవడం తెలిసిన ఆ మహాతల్లికి, మూడు కిలోలంటే ఎంతో ఆ రోజు తెలియలేదు.